మైనం మీద గోటిముద్ర

పోయిన వారం వదినగారిని ముందుగదిలో, చేతిలో ఓ ఉత్తరంతో నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అలాగే ఉంది. చదివినవాళ్ళకు జ్ఞాపకం ఉంటుంది, చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

ఉత్తరం రాసింది ఆవిడ భర్త. మూడు నెలల కింద గుండె ఆగి పోయిన లెక్కల మాస్టారు. ముప్ఫై ఏళ్ళు సంతలూ, పాతసామాను కొట్లూ, కూలబోతున్న బంగళాలూ తిరిగి పోగుచేసిన ఇరవై మూడు గ్రామఫోనుల్ని ఆయన తాను అధ్యక్షుడిగా ఉన్న గ్రామఫోను ప్రియుల క్లబ్బుకు రాసిచ్చి పోయారు. వాటితో క్లబ్బువాళ్ళు మ్యూజియం పెడుతున్నారు. వచ్చే ఆదివారమే ప్రారంభం. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఉత్తరంలోని చివరి వాక్యంతో వచ్చింది. "నా భార్యకు ఈ యంత్రాల సంగతి ఏమీ తెలియదు కనుక, వాటి బాగోగులు చూసే శ్రమ ఆమెకు పెట్టదలచుకోలేదు."

ఏమీ తెలియదట! ఆ ఇరవై మూడింటిలో ఆవిడ చెయ్యి పడకుండా పాడింది ఒక్కటంటే ఒక్కటి లేదు. స్ప్రింగులు విప్పి గడ్డకట్టిన గ్రీజు కడిగింది ఆవిడ. బాకాల సొట్టలు తీసింది ఆవిడ. మూగబోయిన సౌండుబాక్సులకు మాట తెప్పించింది ఆవిడ. క్లబ్బు సభ్యుల ఇళ్ళలోని గ్రామఫోను పెట్టెలు కూడా "మాస్టారి దగ్గరికి" మరమ్మతుకు వచ్చి, ఆవిడ చేతుల మీదుగానే తిరిగి వెళ్ళాయి. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు. ఈ సంగతి మనకు తెలుసు, ఆవిడకు తెలుసు, పోయినాయనకు తెలుసు. నాలుగో మనిషికి తెలియదని ఆవిడ నమ్మకం.

ఇంతలో, ప్రారంభం రోజున అందరిముందూ పాడాల్సిన నీలం బాకా పెట్టె మూగబోయింది. క్లబ్బు సెక్రటరీ పరుగెత్తుకొచ్చి, "మాస్టారు మైనం కలిపే పద్ధతి ఏ పుస్తకంలో అయినా రాసిపెట్టారా వదినగారూ?" అని అడిగాడు. ఆవిడ ఉత్తరం మడిచి, "పెట్టెనే తీసుకురండి, ఆదివారం చూద్దాం" అంది. అక్కడ ఆపాం.

ఆవిడ రమ్మన్న ఆదివారం వచ్చింది, ప్రారంభానికి ఇంకో వారం ఉంది. మధ్యాహ్నం మూడింటికల్లా వాకిట్లో వ్యాను ఆగింది. డ్రైవరు పసిబిడ్డను దించినట్టు దుప్పట్లో చుట్టిన పెట్టెను దించాడు. వెనకాల బాకా పట్టుకుని సెక్రటరీ దిగాడు. ఆయన రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైనవాడు. గొంతు వెన్నపూస. ఎదుటివాడి ఇల్లు మూడోవాడికి రాసేటప్పుడు కూడా ఆ గొంతుతోనే "ఇక్కడొక్క సంతకం పెట్టండి నాయనా" అనేవాడట. క్లబ్బులో నలభైమందికీ మాస్టారు అన్నయ్య, కనుక నలభైమందికీ ఈవిడ వదినగారు. నలభైమంది మరుదులున్నా, తాగిన టీ కప్పు తీసి వంటగదిలో పెట్టిన పాపాన ఒక్కడూ పోలేదు.

ఆయన వెనకే ఆడపడుచు వచ్చింది. మాస్టారి ఒక్కగానొక్క చెల్లెలు, రెండు వీధుల అవతల ఉంటుంది. అన్నగారి గొప్ప చెప్పడానికి ఆమెకు కీ ఇవ్వనక్కర్లేదు, ముల్లు మార్చనక్కర్లేదు, నోరు దానంతటదే తిరుగుతుంది. భుజానికి పెద్ద సంచి ఉంది. మ్యూజియంలో మాస్టారి వస్తువులకని ఓ అద్దాల బీరువా చేయిస్తున్నారు. అందులో పెట్టడానికి అన్నయ్య గుర్తులన్నీ ఏరి తెచ్చింది.

"ముందుగదిలో కూర్చుందాం" అన్నాడు సెక్రటరీ.

"వద్దండీ, వెనక గదిలోకి రండి. వెలుతురు అక్కడే ఉంది" అంది వదినగారు.

వెనక గదంటే వంటగది దాటాక పెరటి వైపున్న ఇరుకు గది. కిటికీ పక్కన పొట్టికాళ్ళ చెక్కబల్ల, దాని ముందు ఓ ముక్కాలిపీట. గోడకు బిస్కెట్ల డబ్బాలు వరసగా ఉన్నాయి, ఒక్కో డబ్బాలో ఒక్కో రకం మరలు. అరిగిపోయిన టూత్ బ్రష్షులు, స్పిరిట్ దీపం, అడుగు నల్లబడిన గరిటె. గదంతా కిరసనాయిలు వాసన. క్లబ్బువాళ్ళు వచ్చే రోజుల్లో మాస్టారు చొక్కా చేతులు మడిచి ఆ ముక్కాలిపీట మీద కూర్చునేవారు. ఆవిడ కళ్ళజోడు తీసి, కొంగుతో చేతులు తుడుచుకుని వంటగదిలోకి వెళ్ళేది. పీట ఎత్తు ఆవిడకు సరిపడేదే కావడంతో ఆరడుగుల మాస్టారి మోకాళ్ళు బల్లకు తగిలేవి. ఆ మోకాళ్ళు చూసి అనుమానపడ్డవాడు కూడా నలభైమందిలో లేడు.

ఇప్పుడు ఆ పీట మీద వదినగారు కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకుంది.

"అదేంటి వదినా, అన్నయ్య పీట మీద కూర్చున్నావ్?" అంది ఆడపడుచు. "నువ్వు ముట్టుకోకు. ఏదైనా విరిగిందంటే మళ్ళీ తెచ్చేవాళ్ళు లేరు."

"విరగదులే, కూర్చో."

మూడు మరలు తిప్పి సౌండుబాక్సును చేతిలోకి తీసుకుంది. అరచేతిలో ఇమిడే గుండ్రటి డబ్బీ అది. నడుమ కాగితం కన్నా పల్చని అభ్రకపు రేకు. రికార్డు మీద ముల్లు కదిలితే ముల్లు పట్టే సన్నటి కాడ కదులుతుంది, కాడ కదిలితే రేకు అదురుతుంది, ఆ అదురే బాకాలోంచి పాటై వస్తుంది. కాడనూ రేకునూ కలిపేది ఒక్క మైనపు బొట్టు. అది ఎండి పగిలిందా, ఎంత పెద్ద బాకా ఉన్నా ఊరకుండాల్సిందే.

"మైనం ఎండిపోయింది. వేసి ఏడేళ్ళయింది" అంది.

"అయితే అన్నయ్య ఏడేళ్ళ కింద వేశారన్నమాట" అని సెక్రటరీ నోటుబుక్కు తీశాడు. "పాళ్ళు ఎంతెంతో తెలిస్తే..."

ఆవిడ పక్కకు తిరిగి అగ్గిపుల్ల గీసింది. దీపం వెలిగించింది. గరిటెలో తేనెమైనం ముక్క వేసి, కరుగుతుండగా చిటికెడు గుగ్గిలం పొడి చల్లింది. కొలవలేదు. వాసన చూసింది, ఇంకో రవ్వంత వేసింది. పాత మైనాన్ని గోటితో గీకి, చీపురుపుల్ల మొనతో కొత్త బొట్టు పెట్టి, అది ఆరేలోపు ఎడమచేతి బొటనవేలి గోటితో అదిమింది. అక్కడ ఇనుప వస్తువు వాడకూడదు. లోహం తగిలితే అభ్రకం పొరలు పొరలుగా లేస్తుంది. గోరయితే ఎంత అదమాలో దానికే తెలుస్తుంది.

గోరు తీశాక మైనం మీద ఓ చిన్న నెలవంక మిగిలింది. నడుమ విరిగిన నెలవంక.

పాత గ్రామఫోనులు కూడబెట్టేవాళ్ళకు ఆ గుర్తు తెలుసు. ఏ ఊళ్ళో, ఏ పెట్టె అమ్మకానికి వచ్చినా, ముందు సౌండుబాక్సు విప్పి భూతద్దం పెట్టి ఆ విరిగిన నెలవంక ఉందా లేదా అని చూస్తారు. ఉంటే కళ్ళకద్దుకుంటారు. మాస్టారి ముద్ర అంటారు. ఇరవై ఎనిమిదేళ్ళ కింద ఈ గదిలోనే, పెట్టె లోపల స్ప్రింగు చుట్టి ఉండే డ్రమ్ములోంచి ఎగిరిన స్ప్రింగు వదినగారి బొటనవేలి గోటిని నిలువునా చీల్చింది. అప్పటినుంచి ఆ గోరు నడుమ గాడితోనే పెరుగుతోంది. అదీ ముద్ర కథ. క్లబ్బులో చెలామణిలో ఉన్న కథలో స్ప్రింగు అదే, గది అదే, వేలు మాత్రం మాస్టారిది.

ఆవిడ డబ్బీ బిగించి, కీ ఇచ్చి, రికార్డు మీద ముల్లు దించింది. కాసేపు బరబర శబ్దం. తర్వాత నీలం బాకాలోంచి, ఎప్పుడో పోయిన ఎవరో ఆడమనిషి గొంతు, మొహమాటం లేకుండా, పక్కగదిలో ఉన్నట్టే పాడింది. 

పాట అయ్యాక సెక్రటరీ జేబులోంచి భూతద్దం తీసి డబ్బీ మీదికి వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచాక కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక దీపం వైపు చూశాడు.

"ఎంత ఆశ్చర్యం వదినగారూ! ఇన్నేళ్ళుగా ఇంటికొస్తున్నా నాకు తెలియదండీ, ఒట్టు. అన్నయ్య మీకు పని నేర్పారన్నమాట! ముద్రతో సహా నేర్పారు!"

వదినగారు నవ్వింది. అది ఏడవలేక నవ్విన నవ్వు. దోచుకున్నవాడి పేరు చెప్పి, దోచుకోబడ్డవాళ్ళను శిష్యుల్ని చెయ్యడం వెన్నపూస గొంతుకే చేతనవుతుంది.

"నేర్పింది ఆయన కాదండీ. పని నాది. ముద్ర నాది. ఇదిగో గోరు." ఎడమచెయ్యి చాపింది.

"అదేం మాట వదినా?" ఆడపడుచు గయ్యిమని లేచింది. "పోయినవాళ్ళ మీద ఇలాంటి మాటలా? ఏదో మైనం వెయ్యడం వచ్చు, సరే, ఒప్పుకుంటాం. ఇన్నేళ్ళు చూసిచూసి వచ్చుంటుంది. ముద్ర మాత్రం అన్నయ్యది. క్లబ్బులో అందరిముందూ, బాగుచేసిన పెట్టెలకిచ్చే సర్టిఫికెట్ల మీద మైనం వేసి గోటితో నొక్కేవాడు కాదా? నలభైమంది సాక్ష్యం. ఇదిగో, నా దగ్గరా సాక్ష్యం ఉంది. సెక్రటరీగారూ, రాసుకోండి, చీటీలు తెచ్చారుగా?"

సంచి విప్పింది. ఒక్కో వస్తువే బల్ల మీద పెడుతూ చెప్పడం మొదలుపెట్టింది. ఇది అన్నయ్య కళ్ళజోడు. ఇది మఫ్లరు, చలికాలం సంతలకు వెళ్ళేటప్పుడు కట్టుకునేవాడు. ఇది ఎర్ర పెన్ను, దీనితో ఎంతమంది లెక్కలు తప్పో రైటో తేల్చాడో. ఇది ముళ్ళ డబ్బా, మూత మీద కుక్కబొమ్మ సగం చెరిగింది చూడండి. సెక్రటరీ ఒక్కోదానికీ అట్టముక్క మీద చీటీ రాశాడు. ఇక అయిపోయిందనుకుంటుండగా ఆమె సంచి అడుగునుంచి రుమాల్లో చుట్టిన చిన్న వస్తువు తీసింది. వేలెడంత ఆకురాయి. ఓ అంచు తళతళమని అరిగిపోయి ఉంది.

"ఇది మా ఇంట్లోనే ఉండేది. అందుకే వదినకు తెలియదు" అంది గర్వంగా. "ఇరవై రెండేళ్ళు! ప్రతి శనివారం సాయంత్రం మా వరండాలో కూర్చుని, కుడిచేతి బొటనవేలి గోటిని దీనితో అరగదీసుకునేవాడు. గాడి సరిగ్గా కుదరాలి, ఓ కాగితం మీద బొమ్మ గీసుకొచ్చి దాంతో సరిచూసుకునేవాడు. మర్నాడు ఆదివారం క్లబ్బు కదా. 'ఇదేం పనిరా అన్నయ్యా' అంటే, 'ముద్ర మొద్దుబారకూడదే' అనేవాడు. ఒక్కదానికే విసుక్కునేవాడు పాపం. వారం తిరిగేసరికి గోరు మెత్తబడి పూడుకుపోయేదట, నూనె అంటి. ఎక్కడి నూనో ఏమో. చూశారా, ఎంత శ్రద్ధో! రాసుకోండి సెక్రటరీగారూ."

సెక్రటరీ రాయలేదు. కలం అట్టముక్క మీద ఆనించి అలాగే ఉండిపోయాడు.

వదినగారు ఆ ఆకురాయి అరిగిన అంచును వేలితో తడిమింది. ఆవిడకు గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది. స్ప్రింగు తగిలిన రోజు కూడా ఇంత నొప్పి పుట్టలేదు.

పేరు దాచడం వరకు ఆవిడ ఒప్పుకున్నదే. "ఆడమనిషి బాగుచేస్తుందంటే ఎవడూ పెట్టె ఇవ్వడు. పేరు నాదైతే ఏం, నీదైతే ఏం, ఇల్లొకటే కదా" అన్నారాయన మొదట్లో. నిజమేననుకుంది. పేరు లేకపోతే పోయింది, గుర్తు మిగిలింది కదా, ఆ గుర్తు నాదని నాకూ ఆయనకూ తెలుసు కదా, అది చాలనుకుంది. ఇరవై రెండేళ్ళుగా శనివారం సాయంత్రం "చెల్లిని చూసొస్తా" అని ఆయన బయల్దేరితే, ఆడపడుచుకని పెరట్లో కూరగాయలు కోసి సంచిలో పెట్టి పంపింది. ఆయన గోటికి గాడి పడిందేమిటని ఓసారి అడిగితే, "సుద్దముక్కలు పట్టుకుని పట్టుకుని చీలింది" అన్నారు. చీలిన గోరు ఎంత బాధిస్తుందో తనకన్నా ఎవరికి తెలుసు? జాలేసింది. రోజూ పడుకోబోయే ముందు ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని గోరువెచ్చని కొబ్బరినూనె మర్దనా చేసింది. మానాలని చేసింది. ఆయన శనివారం చీల్చుకొచ్చేవారు, ఈవిడ శుక్రవారం దాకా మాన్పేది. ఇదీ కాపురం.

"ఆ పుస్తకం ఓసారి ఇలా ఇవ్వండి" అంది.

సెక్రటరీ చంకలో మాస్టారి పుస్తకం ఉంది. పాత గ్రామఫోనుల మీద ఆయన రాసింది, ఎనిమిదేళ్ళ కింద అచ్చయింది. ఇంట్లో మాత్రం ఒక్క ప్రతి లేదు. "అచ్చుతప్పులున్నాయి, మళ్ళీ వేయించాక నీకిస్తా" అన్నారాయన. మళ్ళీ వేయించలేదు.

"దేనికండీ ఇప్పుడు..." అన్నాడు సెక్రటరీ. అంటూనే ఇంకాస్త గట్టిగా చంకలో నొక్కుకున్నాడు.

"ఇవ్వండి సెక్రటరీగారూ, చూడనివ్వండి. అందులో అన్నయ్య వేలి ఫోటో కూడా ఉంది, చూస్తే వదినకే బుద్ధొస్తుంది" అంటూ ఆడపడుచే పుస్తకం లాగి, పేజీ తీసి బల్ల మీద పరిచింది.

పేజీ నిండా ఫోటో. సౌండుబాక్సు మీద వాలిన బొటనవేలు, గోటి కింద మైనపు బొట్టు, గోటి నడుమ గాడి. కింద అక్షరాలు: "రచయిత బొటనవేలు, ముద్ర వేస్తుండగా."

వదినగారు ఫోటో పక్కన తన ఎడమచెయ్యి పెట్టింది. ఫోటోలో గోటికి కింద, కణుపు మీద, బియ్యపు గింజంత తెల్లటి మచ్చ ఉంది. ఆవిడ వేలి మీదా ఉంది. బాకాకు టంకం వేస్తుంటే చింది పడ్డ మచ్చ అది. ఫోటోలో ఉన్నది ఎడమచెయ్యి. ఆడపడుచు చెప్పిన ఆకురాయి అరగదీసింది కుడిచేతి గోటిని.

ఆడపడుచు ఫోటోను చూసింది, చేతిని చూసింది. మళ్ళీ ఫోటోను చూసింది. 

వదినగారికి ఆ రోజు జ్ఞాపకం వచ్చింది. కరెంటు పోయిన మధ్యాహ్నం. వెలుతురు కోసం బల్ల కిటికీ దగ్గరికి జరిపారు. "డబ్బీ ఫోటో తియ్యాలి. నీ చేతులు చిన్నవి, అడ్డం రావు, నువ్వు పట్టుకో" అన్నారు మాస్టారు. పట్టుకుంది. స్టాండు మీది కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని ఒకాయన వంగి ఉన్నాడు. గొంతు మాత్రం వినపడింది.

"ఈ ఫోటో ఎవరు తీశారమ్మా?" అని ఆడపడుచునే అడిగింది, ఏమీ తెలియనట్టు.

"సెక్రటరీగారే. పుస్తకంలో ఫోటోలన్నీ ఆయన తీసినవే" అంది ఆడపడుచు. అని, తానన్న మాట తనకే వినపడి, సెక్రటరీ వైపు తిరిగింది.

"'వదినగారూ, వేలు కొంచెం పైకి' అన్నారు మీరు ఆ రోజు" అంది వదినగారు. "ఇందాక ఒట్టు పెట్టుకున్నారు కదండీ?"

తేలు కుట్టిన దొంగలా ఉన్నాడాయన. భూతద్దం తుడుచుకున్నాడు, జేబులో పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. చివరికి వెన్నపూస గొంతు కరిగి అడుగున ఉన్నది బయటపడింది.

"తెలుసండీ. మొదటినుంచీ తెలుసు. తెలిసి ఏం చెయ్యమంటారు? అన్నయ్య గోరు ఫోటోలో అరగదీసినట్టు కనపడిపోయింది. 'మా ఆవిడ వేలికి ఫోటో తియ్, ఎవడికి తెలుస్తుంది' అన్నాడు. తీశాను. పుస్తకం బయటికెళ్ళింది, క్లబ్బుకు పేరొచ్చింది. వచ్చే ఆదివారం నాలుగు ఊళ్ళనుంచి మనుషులొస్తున్నారు, గోడకు ఈ ఫోటోనే నిలువెత్తున వేయించాం. ఇప్పుడు మీరు ఇదంతా తవ్వితే ఎవరి పరువు పోతుంది? మీ ఆయనదే. మొగుడు పోయిన మూడు నెలలకే మొగుడి పరువు తీసిందని మిమ్మల్నే అంటారు. ముద్ర అబద్ధమని తెలిస్తే ఆ పెట్టెలకి విలువేముంటుంది?"

"ముద్ర అబద్ధం కాదండీ. పేరే అబద్ధం."

"పోనీ ఒక పని చేద్దాం." మళ్ళీ మెత్తబడ్డాడు. "ముందు వరసలో మీకు కుర్చీ వేయిస్తాం. పూలగుత్తి ఇప్పిస్తాం. 'మాస్టారి వెనక నిలబడ్డ ఇల్లాలు' అని నేనే రెండు మాటలు చెప్తాను. పెట్టెలు మరమ్మతుకొస్తే గుట్టుగా ఇక్కడికే పంపుతాను, మీ ముద్ర మీరు వేసుకోండి. మాస్టారు పోకముందు చేసినవని చెప్పుకుంటాం. మీ పని మీకుంటుంది, ఆయన పేరు ఆయనకుంటుంది."

పోయినవాడి చేత కూడా పని చేయించే ఏర్పాటు! వదినగారు ఆ కుర్చీనీ పూలగుత్తినీ మనసులో ఓసారి చూసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా వెనకే కదా నిలబడింది, కుర్చీ వేస్తే మాత్రం ఏం మారుతుంది? కోపం రాలేదు. కోపం వచ్చే వయసులో ఊరుకుంది. ఇప్పుడు నోరంతా చేదుగా ఉంది, అంతే.

నీలం బాకా పెట్టె దగ్గరికి వంగి, సౌండుబాక్సు మూడు మరలూ విప్పింది. ఎడమచేతి బొటనవేలి గోటితో, ఇందాక తాను వేసిన మైనపు బొట్టును ఒక్క గీకుతో తీసేసింది. డబ్బీ మళ్ళీ బిగించి, కీ ఇచ్చి, ముల్లు దించింది. రికార్డు తిరిగింది. ముల్లు గీకుతున్న చప్పుడు తప్ప బాకాలోంచి మరేమీ రాలేదు.

"తీసుకెళ్ళండి. మీరెలా తెచ్చారో అలాగే ఉంది" అంది. "నలభై ఇళ్ళలోనూ నేను వేసిన మైనమే ఉంది. ఏడేళ్ళకు ఒకటి, ఎనిమిదేళ్ళకు ఒకటి ఎండుతుంది. ఎండినవాళ్ళని మాస్టారి పుస్తకం చదువుకోమనండి."

"వదినగారూ, వారమే ఉంది..."

"ఉంది కదా. పాడాలంటే పాడుతుంది. ఓ షరతుంది." సెక్రటరీ చేతిలోంచి కలమూ, ఆయన రాయకుండా వదిలేసిన అట్టముక్కా తీసుకుంది. "ఈ ఆకురాయి అద్దాల బీరువాలో ఉండాల్సిందే. మాస్టారి చెల్లెలుగారు అంత శ్రద్ధగా మోసుకొచ్చింది. చీటీ మాత్రం నేను రాస్తాను."

రాసింది. రాయడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇరవై రెండేళ్ళు దాచిన మాట రెండు వాక్యాలే. అట్టను ఆకురాయి పక్కన పెట్టింది.

ఆడపడుచు వంగి పైకే చదివింది. "భార్య గోటిలా కనపడాలని భర్త తన గోరు అరగదీసుకున్న ఆకురాయి. ఇరవై రెండేళ్ళు, ప్రతి శనివారం..." అక్కడ ఆగిపోయింది. మిగతాది కళ్ళతోనే చదువుకుంది.

"ఇది పెట్టలేమండీ" అన్నాడు సెక్రటరీ. "నలుగురూ నవ్విపోతారు. అమ్మా, మీరైనా చెప్పండి. మీ అన్నగారు! అసలు ఆ ఆకురాయి మీ వస్తువు. మీరు ఇవ్వనంటే గొడవే లేదు."

నిజమే. వస్తువు ఆమెది. గుర్తులు తెచ్చింది ఆమె, సాక్ష్యం చెప్పింది ఆమె, అన్నయ్యను ఆకాశానికెత్తుతూ గోతిలో దించిందీ ఆమే. ఇద్దరూ ఆమె వైపే చూశారు. వదినగారికి ఆశ లేదు. తోడబుట్టినవాడిని కాదని ఎవరు మాత్రం వదినగారి పక్షాన నిలబడతారు?

ఆడపడుచు ఆకురాయిని రుమాల్లో చుట్టింది. సంచిలో వేసుకుంది. సెక్రటరీ ముఖం విప్పారింది.

ఆమె చెయ్యి మళ్ళీ బల్ల మీదికి వచ్చింది. ఈసారి చీటీ తీసి, అదీ సంచిలో వేసుకుని జిప్పు లాగింది. విప్పారిన ముఖం విప్పారినట్టే ఆగిపోయింది.

"అమ్మా, ఆ చీటీ దేనికి? ఇలా ఇవ్వండి, చింపేద్దాం."

ఆమె వినిపించుకోలేదు. కళ్ళజోడూ, మఫ్లరూ, ఎర్ర పెన్నూ బల్ల మీదే వదిలేసి గుమ్మం దాకా నడిచింది. అక్కడ ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"వదినా, ఆ నూనె రాసింది నువ్వేనా?"

"నేనే" అంది వదినగారు. "మానుతుందని."

ఆడపడుచు భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. వంటగది దాటింది, ముందుగది దాటింది. "అమ్మా, ఒక్క మాట! ఆదివారం దాకా ఎవరికీ..." అంటూ సెక్రటరీ మూగ పెట్టెను బల్ల మీదే వదిలేసి ఆమె వెనక పరుగెత్తాడు. వదినగారు పీట మీదినుంచి లేవలేదు. తెరిచి ఉన్న వీధి తలుపులోంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు రెండు వీధుల అవతలున్న ఇంటి వైపు తిరగలేదు. క్లబ్బు వైపు తిరిగింది.